చిన్న మార్పు ఎంత చిన్నదిగా ఉండాలి?

రోజుకు వంద క్యాలరీలు తగ్గించుకుంటే ఏడాదికి దాదాపు ఐదు కిలోలు తగ్గుతారన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఏడాదికి మిగిలే 36,500ని దాంతో భాగిస్తే 4.7 వస్తుంది. భాగహారం సరైనదే, కానీ శరీరం ఆ భాగహారం ప్రకారం నడవదు. అలాగే నడిచేదైతే 70 కిలోల మనిషి పదేళ్లలో 23 కిలోలకు రావాలి!

బరువు తగ్గేకొద్దీ శరీరానికి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. 80 కిలోల ఒంటిని మెట్లెక్కించడానికి పట్టే శక్తి 74 కిలోల ఒంటికి అక్కర్లేదు. ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చూ అంతే. ఒకచోటికి వచ్చేసరికి తగ్గిన తిండి, తగ్గిన ఖర్చు సమానమై బరువు నిలిచిపోతుంది. అప్పట్లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో ల్యాన్సెట్ వైద్య పత్రికలో దీనికి ఒక సులువైన అంచనా ఇచ్చారు. రోజువారీ తిండిలో 24 క్యాలరీలు శాశ్వతంగా తగ్గితే, చివరికి తగ్గే బరువు సుమారు ఒక కిలో. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, 95 శాతం తగ్గడానికి మూడేళ్లు. అంటే రోజుకు వంద క్యాలరీల మార్పుతో తగ్గేది మొత్తం నాలుగు కిలోలు, మొదటి ఏడాది రెండే. ఇది సగటు లెక్క. మనిషిని బట్టి కొంత అటూఇటూ అవుతుంది.

బరువు తగ్గే ప్రయత్నాలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. టీతో తినే రెండు బిస్కెట్లలో ఒకటి మానేసి ఆరు నెలలకు కాటా ఎక్కితే ముల్లు కదలదు. చిన్న మార్పులన్నీ వట్టివేనని విసుగొచ్చి, రాత్రిభోజనం మొత్తం మానేసే పథకంలోకి దూకుతారు. అది మూడు వారాలు కూడా నిలవదు. అసలు చూడాల్సింది వేరే ఉంది. మార్పు చేసేవాడి కష్టం చిన్నదిగా ఉండాలి, క్యాలరీలు చిన్నవిగా ఉండకూడదు. రెండు మూడు మార్పులు కలిసి రోజుకు 300 క్యాలరీల దాకా రావాలి. హాల్ అంచనా ప్రకారం అది మొదటి ఏడాదికి ఆరు కిలోలు. 80 కిలోల మనిషికి ఇది ఏడున్నర శాతం. అమెరికాలో 2002లో ఫలితాలు ప్రకటించిన మధుమేహ నివారణ అధ్యయనం, షుగర్ అంచున ఉన్నవాళ్లకు పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక. ఆ బృందంలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది.

ఆ 300 మన వంటింట్లో ఎక్కడ దొరుకుతాయన్నదే మిగిలిన ప్రశ్న.

ముందు చక్కెర

మొదట దీన్నే ఎంచుకోవడానికి కారణం, దీనికి ఇంట్లో ఇంకెవరి ఒప్పుదలా అక్కర్లేదు. టీస్పూను చక్కెర ఐదు గ్రాములు, 20 క్యాలరీలు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు స్పూన్లు అనుకుంటే 160. దాన్ని స్పూనుకు తెస్తే 80 మిగులుతాయి. ఒక్కసారిగా సగానికి దించితే టీ చప్పగా అనిపించి, నాలుగో రోజుకే డబ్బా మూత మళ్లీ తెరుచుకుంటుంది. రెండు వారాలకోసారి అర స్పూను చొప్పున దించితే నాలుక కొత్త రుచికి అలవాటు పడుతుంది. నెల దాటాక పాత టీ తాగితే పాకంలా ఉంటుంది. స్పూను నిండుగా గోపురంలా తీస్తే మాత్రం అది ఒకటిన్నర స్పూనని గుర్తుంచుకోవాలి.

బెల్లం, తేనె, తాటిబెల్లం వాడితే క్యాలరీలు తగ్గవు. పొద్దున్నే నిమ్మరసంలో రెండు స్పూన్ల తేనె కలుపుకుని తాగేవాళ్లు, టీలో మానుకున్న చక్కెరను వేరే గ్లాసులో తాగుతున్నట్టే. ఇరానీ చాయ్‌లోనూ, బండి దగ్గర టీలోనూ చక్కెర ముందే కలిసి ఉంటుంది. అక్కడ స్పూన్ల లెక్క పనికిరాదు, తగ్గించగలిగేది కప్పుల సంఖ్యే.

నూనె డబ్బా మీద తేదీ

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలన్నారు. నలుగురున్న ఇంటికి నెలకు లెక్కేస్తే మూడున్నర లీటర్లు. అలాంటి ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెలకు ఖాళీ అవుతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు. నెయ్యి అదనం. అందులో లీటరు తగ్గిస్తే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 70 క్యాలరీలు తగ్గుతాయి. ఒక లీటరులో 8,000 పైచిలుకు క్యాలరీలు ఉంటాయి మరి.

ప్రతి కూరకూ కొలిచి పోయడం ఎవరికైనా నాలుగు రోజుల ముచ్చటే. డబ్బా తెరిచిన రోజు దాని మీద తేదీ రాసిపెట్టడం అంతకంటే తేలిక. ఎన్ని రోజులకు అయిపోయిందో చూసుకుంటే చాలు. 30 రోజులకు అయ్యేది 37 రోజులు వస్తే లక్ష్యం అందినట్టే. ప్యాకెట్ నుంచి నేరుగా మూకుట్లో వంపే అలవాటుంటే, చిన్న సీసాలోకి మార్చి పెద్ద స్పూనుతో పోయాలి. 15 మిల్లీలీటర్ల స్పూను అంటే 120 క్యాలరీలు.

నూనె ఎక్కువగా తాగేవి వేపుళ్లు. దొండకాయ, బంగాళాదుంప, కాకర, వంకాయ పచ్చివే నూనెలో వేసి మగ్గించడం వల్ల ముక్క మెత్తబడే పనంతా నూనె మీద పడుతుంది. ఉప్పు చల్లి, చెంచాడు నీళ్లు చిలకరించి, మూతపెట్టి ముందు ముక్కను ముప్పావు వంతు ఉడికించి, ఆ తర్వాత పోపులో వేసి పెద్దమంట మీద వేయిస్తే సగం నూనె సరిపోతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ముక్కలో తడి ఆరకముందే పోపులో వేస్తే అది వేగదు, ముద్దవుతుంది, ఇంట్లోవాళ్లు ముఖం తిప్పుకుంటారు. మూత తీసి రెండు మూడు నిమిషాలు ఆరనివ్వాలి. పలుచటి గిన్నెలో తక్కువ నూనెతో వేయిస్తే అడుగంటుతుంది, ఇనప మూకుడులో అంతగా అంటదు.

గానుగ నూనె వాడుతున్నాం కదా అని చేతికి అడ్డు లేకుండా పోసేవాళ్లున్నారు. ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది క్యాలరీలే. ఇంకొక చిక్కు కర్రీ పాయింట్. ఇంట్లో నూనె తగ్గించి వారానికి మూడు రోజులు కూరలు బయట నుంచి తెచ్చుకుంటే డబ్బా నెలన్నర వస్తుంది. బరువు మాత్రం అలాగే ఉంటుంది.

అన్నం ఎన్ని వాయిలు?

తెలుగు భోజనంలో అన్నం ఎక్కువవడానికి కారణం ఆకలి కంటే వడ్డన క్రమం. పొడో పచ్చడో నెయ్యితో ఒక వాయి, పప్పుతో ఒకటి, కూరతో ఒకటి, చారుతో ఒకటి, చివర పెరుగుతో మరొకటి. ప్రతి ఆధరువూ తన వంతు అన్నం అడుగుతుంది. ‘కొంచెం తగ్గించి తినండి’ అన్న సలహా పారకపోవడానికి ఇదే కారణం. ఐదు చోట్ల కొంచెం కొంచెం తగ్గించాలంటే ఐదుసార్లు గుర్తుండాలి. దానికి బదులు ఒక వాయినే తీసేస్తే ఒక్క నిర్ణయంతో పోతుంది. చారును గ్లాసులో పోసుకుని తాగవచ్చు. పెరుగును అన్నం లేకుండా కప్పులో తినవచ్చు. పెరుగన్నం లేనిదే తిన్నట్టుండదు అనేవాళ్లు పొడి, నెయ్యి వాయిని వదులుకుంటే మేలు. ఆకలి మీద మొదట పడే పెద్ద ముద్దలు అవే.

వండే కొలత కూడా తగ్గాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. 100 గ్రాముల బియ్యం 350 క్యాలరీలు, వండాక 100 గ్రాముల అన్నం 130. మనిషికి పూటకు కప్పు చొప్పున రెండు పూటలా వండుతుంటే బియ్యం నుంచే 1,050 క్యాలరీలు వస్తున్నాయి. పూటకు ఐదో వంతు, అంటే 30 గ్రాములు తగ్గిస్తే రోజుకు 210 తగ్గుతాయి. గిన్నెలో వండిన అన్నం వండినంత ఉంచి, కంచంలో మాత్రం తగ్గించుకుంటామంటే కుదరదు. మిగిలిన అన్నం పారేయలేక ఎవరో ఒకరు తింటారు. చాలా ఇళ్లలో ఆ ఎవరో ఒకరు చివర్న కూర్చునే ఇల్లాలే. ఆమె బరువు ఎందుకు తగ్గడం లేదో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

తగ్గించిన అన్నం చోట ఏదీ పెట్టకపోతే ఆకలి సాయంత్రం నాలుగింటికి చేగోడీల డబ్బా దగ్గరికి నడిపిస్తుంది. రోజుకు మరో 20 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల కూరగాయలు కలపాలి. వీటితో సుమారు 110 క్యాలరీలు వెనక్కి వస్తాయి, నికరంగా తగ్గేది వంద. కానీ కడుపు నిండుగా ఉంటుంది. పప్పు గట్టిగా ఉండాలి. పప్పుచారులో తేలే పప్పును ప్రొటీన్ కింద లెక్కేసుకోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, 70 కిలోల మనిషికి 58 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, 30 గ్రాముల పచ్చిపప్పులో ఏడు గ్రాములు ఉంటాయి. శాకాహారులకు ఆ అంకె అందాలంటే పప్పు, పెరుగు, శనగలు, పెసలు, మీల్‌మేకర్ వంటివి రోజూ చోటు చేసుకోవాల్సిందే.

రాత్రి అన్నం మానేసి చపాతీ తినడం తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటి వైద్యం. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కా 100 క్యాలరీలు. పెనం మీద స్పూను నూనె వేస్తే 145. మూడు తింటే 435, కుర్మా వేరే. 200 గ్రాముల అన్నం 260. చపాతీ వల్ల తగ్గినవాళ్లు లేకపోలేదు. వాళ్లు తగ్గింది రెండుకు ఆపినందువల్ల, గోధుమ వల్ల కాదు. కొర్రలు, సామలు, జొన్నల సంగతీ దాదాపు ఇదే. పాలిష్ పట్టిన బియ్యం కంటే పీచు ఎక్కువ, త్వరగా ఆకలి వేయనివ్వవు, మంచివే. కానీ 100 గ్రాముల్లో క్యాలరీలు బియ్యానికి కొంచెం అటూఇటూగానే ఉంటాయి. కొర్రల పులిహోర కడుపారా తింటే అది పులిహోర ఖాతాలోకే పోతుంది.

నడక ఇచ్చేది, ఇవ్వనిది

70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యే ఖర్చు కాక, అదనంగా 35 నుంచి 40 క్యాలరీలు పోతాయి. ఇప్పుడు నడుస్తున్నదానికి మరో 2,500 అడుగులు కలిపితే రోజుకు 60 క్యాలరీలు. చక్కెర 80, నూనె 70, అన్నం 100, నడక 60 కలిపితే 310. ఈ లెక్కలో నడకది చిన్న వాటా. పొద్దున పార్కులో అరగంట నడిచి, బయటికి రాగానే టిఫిన్ సెంటర్‌లో రెండు వడలు తింటే నడకలో పోయిందంతా తిరిగొచ్చి ఇంకా మిగులుతుంది. అలాగని నడక దండగ కాదు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఆపడంలో, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడంలో దాని విలువ కాటా మీద కనిపించదు. చెన్నైలో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో తిండి, నడక మార్చుకున్న బృందానికి షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఫోన్‌లో వారం రోజుల అడుగుల సగటు చూసుకుని, అక్కడి నుంచి రెండు వారాలకు వెయ్యి చొప్పున పెంచాలి. వెయ్యి అడుగులంటే పది నిమిషాలు. పదివేల అడుగుల అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో వ్యాపించింది, వైద్యపరీక్షల్లోంచి పుట్టింది కాదు. రోజుకు మూడువేలు నడిచే మనిషి ఆరువేలకు వస్తే అదే పెద్ద లాభం. భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుంది కాబట్టి రాత్రి భోజనం తర్వాతి సమయం బాగా కలిసొస్తుంది. ఎండాకాలంలో మేడ మీదో, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనో నడవడానికీ అదే వీలు. ఒక్కసారిగా గంటకు పెంచి, రబ్బరు చెప్పులతో సిమెంటు రోడ్డు మీద నడిచేవాళ్లకు కొన్ని వారాల్లోనే మడమ నొప్పి పట్టుకోవడం మామూలు. పొద్దున మంచం దిగగానే మడమలో పోటు వస్తే దూరం సగానికి తగ్గించి, మెత్తటి అడుగున్న బూట్లకు మారాలి.

కండకు పని చెప్పకుండా తిండి మాత్రమే తగ్గిస్తే, తగ్గే బరువులో దాదాపు పావు వంతు కొవ్వు కానిది ఉంటుంది, అందులో కండా ఉంటుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి, మూడు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కూర్చోవాలి. ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఎనిమిది. వారానికి ఒకటి రెండు పెంచుతూ పదిహేనుకు చేరాక, ఐదు కిలోల బియ్యం సంచి ఛాతీకి పట్టుకుని మళ్లీ ఎనిమిది నుంచి మొదలుపెట్టాలి. మోకాలు నొప్పి ఉంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోవాలి. చేతులకు గోడను ఆనుకుని దండీలు, అవి తేలికయ్యాక వంటగట్టు మీద, ఆ తర్వాత నేల మీద. నీళ్ల బకెట్లు రెండు చేతులా పట్టుకుని ఇంట్లో రెండు చుట్లు తిరగడం కూడా లెక్కలోకి వస్తుంది. కండ రెండు రోజులు సలపడం సహజం. కీలులో పోటు వస్తే ఆ రోజుకు ఆపాలి.

కాటా ఎక్కే పద్ధతి

అన్నం తగ్గించిన మొదటి వారంలోనే కిలో, కిలోన్నర పోతే అది కొవ్వు కాదు. కాలేయంలో, కండల్లో నిల్వ ఉండే పిండిపదార్థమైన గ్లైకోజెన్ గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థం తగ్గగానే ఆ నీరు పోతుంది. పెళ్లి భోజనం మర్నాడు కిలో పెరగడం కూడా ఇలాంటిదే, ఆవకాయ, అప్పడాల ఉప్పు పట్టిన నీరు దానికి తోడు. నెలసరికి ముందు ఆడవాళ్లలో బరువు పెరుగుతుంది కాబట్టి వాళ్లు నెలలో అదే రోజులతో పోల్చుకోవాలి. రోజూ పొద్దున కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు చూసి, వారం సగటును ముందటి వారం సగటుతో పోల్చడం సరైన పద్ధతి.

నెలకోసారి టేపుతో నడుము కొలవాలి. ప్యాంటు కట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక. మన దేశస్థుల్లో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ముప్పు కింద లెక్క. బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) కూడా మనకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు అక్కడి పట్టికలో 24.5 చూసి నిశ్చింతగా ఉంటారు. అక్కడి మధుమేహ సంఘమే ఆసియా మూలాలున్నవాళ్లకు 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయించుకోమంటోంది.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించేముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి. పాత మోతాదు మీద కొత్త తిండి తింటే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కల జోలికి పోకూడదు.

మార్పుకూ మార్పుకూ మధ్య మూడు, నాలుగు వారాలు ఎడం ఉంచాలి. 21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 2010లో వెలువడిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదని కూడా అదే అధ్యయనంలో తేలింది. ఆదివారం బిర్యానీ తిన్నందుకు సోమవారం పస్తుండనక్కర్లేదు, సోమవారం మామూలు కొలత వండుకుంటే సరిపోతుంది.

నాలుగైదు వారాలు సగటు కదలకపోతే కొత్త మార్పు వెతికే ముందు పాతవాటిని తనిఖీ చేయాలి. కుక్కర్ కప్పు మళ్లీ నిండుగా పడుతోందా, నూనె డబ్బా 37 రోజులు వస్తోందా, ఆఫీసులో మూడో టీ వచ్చి చేరిందా? ఎక్కువసార్లు జారింది ఇక్కడే దొరుకుతుంది. అన్నీ సరిగ్గానే ఉంటే శరీరం కొత్త ఖర్చుకు సర్దుకుందని అర్థం. అక్కడ రెండు దారులుంటాయి. మరో 70, 80 క్యాలరీల మార్పు కలపడం ఒకటి. నడుము, షుగర్, బీపీ అంకెలు బాగుంటే ఉన్న బరువునే నిలబెట్టుకుంటూ కొన్నాళ్లు ఆగడం రెండోది. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గి, రెండో ఏడాదంతా అక్కడే ఉన్న మనిషి, మూడు నెలల్లో పన్నెండు తగ్గి పద్నాలుగు పెరిగినవాడి కంటే ఆరు కిలోలు కాదు, ఎనిమిది కిలోలు ముందున్నట్టు.